తాంబాళం కింద ఇంజను

మే నెల, ఆదివారం. ఎండ తీవ్రం. సముద్రం వైపు నుంచి గాలి లేదు. హాజరైనవారు: చిన్న మామయ్య, డేగిశా భాయ్, నేను, పదకొండు గంటల నుంచి అత్తయ్య. గైర్హాజరు: బుద్ధి. (నా పాత డైరీలో ఈ చివరి మాట ఎర్ర సిరాతో ఉంది. తర్వాత ఎప్పుడో చేర్చినట్టున్నాను.)

ఆ రోజుల్లో మా తీరం వైపు ఏ యంత్రమూ పూర్తిగా చచ్చిపోయేది కాదు. ఒక చోట ప్రాణం పోతే ఇంకో చోట పుట్టేది. పడవలో అలిసిపోయిన ఇంజను పిండిమరలో తేలేది, పిండిమరలో పనికిరాని మోటారు రొయ్యల గుంట గట్టు మీద నీళ్ళు తోడుతూ కనిపించేది. ఈ మధ్య చెన్నైలో పాత కార్ల ప్రదర్శన ఒకటి చూశాను. ప్రతి కారు పక్కనా ‘అన్ని భాగాలూ అసలువే’ అని బోర్డు పెట్టారు. చదివి గౌరవంగా తల ఊపానే గానీ, లోపల మాత్రం కాస్త జాలేసింది. ఆ కార్లకు మా మామయ్య లాంటి యజమాని దొరకలేదు కదా అని.

చిన్న మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. చిల్లకూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా రొయ్యల గుంటలు వేసేవాడు. పంట బాగా వచ్చిన ఏడాది మద్రాసు వెళ్ళి, ఎవరో దొరగారి బంగళా సామాన్ల వేలంలో ఒక ఎర్ర రంగు రెండు సీట్ల కారు కొన్నాడు. పైకప్పు లేదు. నేల మీద పాకుతున్నట్టు పొట్టిగా, ముక్కు పొడుగ్గా ఉండేది. పెళ్ళితో సహా జీవితంలో అన్నీ పెద్దవాళ్ళు చెప్పినట్టు చేసిన మామయ్య, ఎవరినీ అడగకుండా కొన్న వస్తువు అదొక్కటే. ఉప్పు గాలికి రెండేళ్ళలో దాని ఇంజను బిగుసుకుపోయింది. సామాన్లు ఎక్కడా దొరకలేదు. అయినా రోజూ సాయంత్రం గుంటల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, షెడ్డులో ఆ కారెక్కి కాసేపు స్టీరింగు తిప్పి దిగేవాడు. (నోటితో హారన్ కూడా కొట్టేవాడు. ఎవరూ చూడటం లేదనుకునేవాడు.)

చివరికి, రొయ్యలకు ఐసు మోసే వ్యాను ఒకటి కాలవలో పడి బాడీ నుజ్జయితే, దాని డీజిల్ ఇంజను తెచ్చి ఈ కారులో దించాడు. ఇంజను తిరిగింది. చక్రాలూ తిరిగాయి. కానీ అది వ్యాను ఇంజను, ఎత్తు మనిషి లాంటిది. బానెట్టు మూయబోతే నాలుగు వేళ్ళ ఎత్తున ఆగిపోయింది. చూస్తే ఆవలిస్తున్న మొసలి జ్ఞాపకం వచ్చేది.

అత్తయ్య గడువు పెట్టింది. “సోమవారం పొద్దున పాత ఇనుప సామాన్లాయన వస్తాడు. చెప్పి పంపించినా. ఈలోపల ఆ మూత పడి, బండి నన్ను చిల్లకూరు దాకా తీసకపోయి తీసకరావాల. లేదంటే బండిని ఆయనకిచ్చేసి, షెడ్లో మేత మూటలు వేయిస్తా.”

“మూత పడితే చాలునా?” అన్నాడు మామయ్య.

“పడాల. పడినాక లేవకుండా ఉండాల.”

అదీ ఆ ఆదివారం మా ముందున్న సమస్య. అత్తయ్య పొద్దున్నే పూరీలకు గోధుమపిండి కలిపి, తడిగుడ్డ కప్పి, గూడూరు సంతకు బస్సెక్కింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, డేగిశా భాయ్ రేకులు కోసే కత్తెరతో హాజరు. ఈయన పెళ్ళిళ్ళకు బిర్యానీ డేగిశాలు అద్దెకిచ్చేవాడు, ఇంటింటి గిన్నెలకూ కళాయి వేసేవాడు, చిల్లులకు మాట్లు వేసేవాడు. లోహంతో చేసింది ఏదైనా సరే, ఆయన దృష్టిలో అదొక గిన్నె.

“ఇంతేనా అన్నా? నడిమధ్య గుండ్రంగా కోసేసి, పైన ఒకటి బోర్లించేదే” అన్నాడు బానెట్టు నిమురుతూ.

“ఏం బోర్లిస్తావు?”

“ఏదో ఒకటి. ముందు కోద్దాం.”

నేనప్పుడు ఇరిగేషను ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ముందు కొలవకుండా కోయడం నా సంస్కారానికి విరుద్ధం. ఒకసారి టేపుతో, ఒకసారి స్కేలుతో, ఒకసారి మామయ్య వేళ్ళతో కొలిచి, ఆ మూడింటి సగటు తీసి గుండ్రంగా గీత గీశాను. భాయ్ ఆ గీతను ఒక్కసారి చూసి, దాని పక్కనుంచి కోశాడు.

కోశాక అసలు చిక్కు తెలిసింది. భాయ్ డేగిశాల మూతలన్నీ కోట అనే ఊళ్ళో ఏదో పెళ్ళికి వెళ్ళాయి. నూనె డబ్బా పెట్టి చూస్తే కారు పొయ్యిలా ఉంది. మేత తట్ట పెట్టి చూస్తే దిష్టిబొమ్మలా ఉంది. మామయ్య కాసేపు ఆ కన్నం వైపు, కాసేపు ఇంటి వైపు చూశాడు. తర్వాత, “రేయ్ అల్లుడూ, ఆ స్టూలు కాస్త పట్టుకో” అని వంటింటి అటక ఎక్కాడు. దిగేటప్పుడు చేతిలో ఒక పెద్ద ఇత్తడి తాంబాళం ఉంది. చిలుము పట్టి నల్లగా ఉంది గానీ, లోతు సరిగ్గా సరిపోయేట్టుంది. నా చేయి దానంతటదే టేపు కోసం జేబులోకి పోయింది.

భాయ్ దాన్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. “తోబా! ఇది అక్కది గదన్నా!”

“పదేళ్ళుగా అటక మీద ఉండాది. ఆమెకు యాడ గుర్తుంటుంది?”

“అన్నా, అక్క నాకు గిన్నెలిచ్చేటప్పుడు చెంచాలతో సహా లెక్క చెప్పి ఇస్తాది. నేనైతే దీనికి చిల్లు పెట్టను. పట్టీలు వంచి బిగిస్తా. నేను చూళ్ళేదు, నువ్వు చెప్పలేదు.”

తాంబాళం బోర్లించి, అంచు చుట్టూ రేకు పట్టీలు వంచి బిగించాడు. పైన ట్రాక్టరు ట్రాలీకి తెచ్చిన ఎర్ర రంగు పూశాం. దూరం నుంచి చూస్తే, నిజం చెప్పొద్దూ, దర్జాగా ఉంది. దగ్గర్నుంచి చూస్తే కారుకు నెత్తి మీద బొప్పి కట్టినట్టుంది. మూశాం. పడింది! మామయ్య ఆనందంతో భాయ్‌ని కౌగిలించుకున్నాడు, ఇద్దరికీ ఎర్ర రంగు అంటింది.

నాకు మాత్రం తృప్తి లేదు. లోపల ఇంజనుకూ తాంబాళానికీ మధ్య సందెంత? మూసిన డబ్బాలోకి స్కేలు పోదు కదా. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది (ఇప్పటికీ అది మంచి ఉపాయమే అంటాను). అత్తయ్య కలిపిన పూరీపిండిలో ఒక ముద్ద గిల్లుకొచ్చి, ఇంజను నెత్తిన పెట్టి, మూత వేసి నొక్కితే సరి. తర్వాత మూత తీసి, నలిగిన పిండి మందం కొలుచుకుంటే సందెంతో తెలిసిపోతుంది. మామయ్య “చదువుకున్నోడివి అనిపించినావురా” అన్నాడు. పిండి పెట్టాం, మూత వేశాం, ముగ్గురం కలిసి నొక్కాం. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో బస్సు హారన్ వినిపించింది.

భాయ్ కత్తెర చంకన పెట్టుకుని, నమాజుకు వేళైందంటూ దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. వేళకు ఇంకా గంట పైనే ఉందని మా ఇద్దరికీ తెలుసు. మూత మళ్ళీ తీసే వ్యవధి లేదు. ఆ పిండి అక్కడే ఉండిపోయింది.

అత్తయ్య నేరుగా వంటింట్లోకి వెళ్ళి అక్కణ్ణుంచే కేకేసింది. “పిండి తగ్గినట్టుండాదే?”

“పిల్లేమో” అన్నాడు మామయ్య.

“గుడ్డ తీసి, పిండి గిల్లుకొని, మళ్ళీ గుడ్డ కప్పి పోయిందా పిల్లి?”

భోజనాల దగ్గర మామయ్యకూ నాకూ రెండేసి పూరీలే వచ్చాయి. మేమిద్దరం ఆకలి లేదన్నాం.

ఎండ తగ్గాక ప్రయాణం. అత్తయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగి బొప్పిని చూసింది. “ఇదేంది?”

“విదేశాల్లో అట్టనే పెడతారు. పెద్ద ఇంజను ఉండే బండికి అది గుర్తు” అన్నాడు మామయ్య.

ఆమె ముందు కూర్చుంది. నేను వాళ్ళ వెనక సామాన్లు పెట్టుకునే ఇరుకులో ఒంటె మాదిరి మడుచుకున్నాను. ఇంజను అంటుకుంది. బండి షెడ్డు దాటింది, గేటు దాటింది, గుంటల గట్టు దాటింది. మూత కిమ్మనలేదు. మామయ్య మెడ రెండంగుళాలు పొడుగైంది. ఎదురొచ్చిన ప్రతివాడికీ నిజమైన హారన్ కొట్టాడు.

సగం దారిలో అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. “యాడో రొట్టె కాలస్తా ఉండారు.”

“హోటలోళ్ళయి ఉంటారు.”

కొంత దూరం పోయాక మళ్ళీ, “ఈ పొలాల్లో యాడుండాయయ్యా హోటళ్ళు?”

మామయ్య జవాబుగా వేగం పెంచాడు. వెనక నాకు సంగతి తెలిసిపోయింది. పిండి ఇంజను మీద కాలుతోంది. సువాసన చాలా బాగుంది, కాస్త డీజిల్ తగిలిందంతే. అప్పటిదాకా మూత కిమ్మనకుండా ఉన్నది కూడా ఆ పిండి పుణ్యానే. డీజిల్ ఇంజను నిలకడగా ఉండేది కాదు, తిరిగేటప్పుడు ఒళ్ళంతా ఊపుతుంది. ఆగి ఉన్న ఇంజనును కొలిచానే గానీ, ఊగే ఇంజను సంగతి నా లెక్కలో లేదు. మెత్తగా ఉన్నంతసేపూ పిండి మధ్యలో దిండులా ఆదుకుంది. చిల్లకూరు పొలిమేరలో అది కాలి, గట్టిపడి, పగిలింది. అంతే, ఇంజను నెత్తి తాంబాళానికి తగలడం మొదలైంది.

టంగ్. టంగ్. టంగ్.

కంచు గంట లాంటి మోత. ఇళ్ళలోంచి పిల్లలు చిల్లర పైసలతో పరుగెత్తుకొచ్చారు. ఎర్ర బండి, గంట మోత. వాళ్ళ తప్పేముంది? “ఐసు ఫ్రూటు! ఐసు ఫ్రూటు!” అంటూ టీ కొట్టు ముందు చుట్టుముట్టారు. మామయ్య బండి ఆపక తప్పలేదు.

“మూత తియ్యి” అంది అత్తయ్య.

“ఎందుకులే మే, మళ్ళీ పడతాదో లేదో…”

ఆమె తనే దిగి ఎత్తింది. ఇంజను మీద ఒక రొట్టె. చక్కగా ఎర్రగా కాలి, మధ్యకు చీలి ఉంది. కొంగుతో పట్టుకుని తీసి తిప్పి చూసింది. దాని మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు ఉబ్బి ఉన్నాయి, అన్నీ తిరగేసి. గిన్నెల మీద పేర్లు చెక్కించే చుక్కలు. ఆమె వంగి మూత లోపలి వైపు చూసింది. పిండి అంటుకుని వదిలిన చోట చిలుము పోయి ఇత్తడి మెరుస్తోంది. అక్కడ ఆమె పేరు, ఆ కింద ఆమె నాన్నగారి పేరు. ఆ తాంబాళం లోతును నేను అయిదు చోట్ల కొలిచాను. చదవాలని మాత్రం తోచలేదు.

“మా నాయన నీ కాళ్ళు కడిగిన పళ్ళెం గదయ్యా ఇది!” అంది అత్తయ్య. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు అందులో పెట్టించి కడిగారట.

మామయ్య కారు దిగి వచ్చాడు. “అందుకే గదా మే… ఆ పొద్దు కాళ్ళ కింద పెట్టినారు. ఈ పొద్దు గౌరవంగా నెత్తిన పెట్టినా.”

ఒక పిల్ల అత్తయ్య చీర లాగింది. “అక్కా, ఐసు లేదా?”

“ఐసు లేదు తల్లీ. రొట్టె ఉండాది” అంది అత్తయ్య.

తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తాంబాళమే దారి పొడుగునా మాట్లాడింది. దిగాక మామయ్య నన్ను పక్కకు లాగి, “తిట్టినా బాగుండురా. రేపు బండి పోయినట్టే” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, ఆ రాత్రి నేను డైరీలో హాజరు పట్టీ మాత్రం రాసి పడుకున్నాను.

మర్నాడు ఉదయం పాత ఇనుప సామాన్లాయన ఎద్దులబండితో, సమ్మెటతో వచ్చాడు. మామయ్య అప్పటికే కారులో కూర్చుని, స్టీరింగును చంటిపిల్లలా కావలించుకుని ఉన్నాడు. అత్తయ్య తలకు పోసుకుని, జడ బిగించి, చెప్పులేసుకుని బయటికొచ్చింది.

“ఎత్తమంటారామ్మా?”

“ఆ మూల బిగుసుకపోయిన ఇంజను ఉండాది, అది ఎత్తుకపో. బండి జోలికి రావద్దు. అది నాది.”

మామయ్య తలెత్తాడు. “నీదెట్టయింది?”

“మనింట్లో ఏ గిన్నె మీద ఎవురి పేరుంటే అది వాళ్ళది. అవునా కాదా? దీని మీద నీ పేరు యాడుందో చూపించు.”

మా కుటుంబాల్లో ఈ చట్టానికి తిరుగులేదు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు గరిటెలు కూడా అట్లాగే పంచుకునేవాళ్ళు. మామయ్య కారంతా వెతుకుతున్నట్టు చూశాడు. (కాగితాలు సైతం ఇంకా ఆ మద్రాసు దొరగారి పేరు మీదే ఉన్నాయి.) తర్వాత నా వైపు చూశాడు. నేను చట్టం వైపు నిలబడ్డాను.

“దిగు” అంది అత్తయ్య. మామయ్య దిగాడు. బండి పోలేదన్న సంతోషం, పోయిందన్న దిగులు ఒకే ముఖంలో ఎట్లా పడతాయో ఆ రోజు చూశాను.

ఆమె స్టీరింగు ముందు కూర్చుని చీర సర్దుకుంది. “అల్లుడూ, ఎక్కు. బ్రేకు యాడుందో చెప్పు.”

“అత్తా, నాకు బండి నడపడం రాదు.”

“నాకూ రాదు. ఎక్కు.”

ఎక్కాను. బండి ఒక్కసారి ఎగిరి, రెండోసారి ఎగిరి, మూడోసారికి గేటు దాటింది. వెనక మామయ్య భుజాన తువ్వాలుతో, “క్లచ్చు మే! క్లచ్చు!” అని అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన వెనక ఇనుప సామాన్లాయన, నవ్వలేక కడుపు పట్టుకుని. అత్తయ్య వెనక్కి చూడలేదు. ఎడమ చేత్తో తలుపు, కుడి చేత్తో సీటు పట్టుకుని బిగుసుకు కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు కళ్ళ ముందుకొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. గుంటల గట్టు మీదుగా సముద్రం వైపు ఎంత దూరం వెళ్ళామో నేను రాసుకోలేదు. కొలవాలని కూడా తోచలేదు.