ఈశాన్యం బాగుందని కొనిపించాను

నా జీవితంలో ఒక కంపెనీ నా మాట విన్నది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఏమైందో చెబితే, రెండోసారి ఎందుకు వినలేదో మీకే అర్థమవుతుంది. ఒక హెచ్చరిక. మీరు భోంచేస్తూ చదువుతున్నట్టయితే, ముఖ్యంగా పెరుగన్నం దాకా వచ్చి ఉంటే, ముందు అది కానిచ్చి చెయ్యి కడుక్కుని రండి. తర్వాత నన్ననొద్దు.

అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోయి తలకిందులవుతాయని లోకమంతా వణుకుతున్న కాలం. లోకానికి చలిజ్వరం వస్తే మనవాళ్లకి ఉద్యోగాలొచ్చాయి. తెనాలిలో ఒక డాబా మీద రేకుల షెడ్డులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న నేను, ఆ వణుకు పుణ్యమా అని మెల్బోర్న్‌లో తేలాను. మా కంపెనీ పని ఆ జ్వరానికి మందివ్వడం. జ్వరం పెరిగేకొద్దీ మా బిల్లూ పెరిగేది. చాలదన్నట్టు షేర్ మార్కెట్‌కి వెళ్లి వాటాలు కూడా అమ్మారు. దాంతో వచ్చిపడ్డ డబ్బు, మే నెలలో చుట్టాలు పంపిన మామిడిపళ్ల గంపలా తయారైంది. ఎక్కడ పెట్టాలి, ఎవరు తినాలి, కుళ్లకముందే ఏం చెయ్యాలి!

మా బాసు గ్రాహమ్ నిక్కరేసుకుని ఆఫీసుకొచ్చే కోటీశ్వరుడు. ఒక రోజు అందర్నీ కూర్చోబెట్టి, "మన నిల్వల్ని ఎలా ఖర్చు పెడదాం? సిగ్గుపడకుండా చెప్పండి" అన్నాడు.

"ఇంటర్నెట్‌లో కుక్క బిస్కెట్లు అమ్మే కంపెనీ ఒకటుంది, కొనేద్దాం" అన్నాడు సేల్స్ వాడు.

"మన వాటాలు మనమే తిరిగి కొనుక్కుందాం" అన్నాడు అకౌంటెంట్. మొన్న అమ్మినదాన్ని ఇవాళ కొనడమేమిటో నాకప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

"తెరచాప పడవ కొని పందేల్లో దింపుదాం" అన్నాడింకొకడు. వాటాదార్లకి పంచేద్దామని ఒకావిడ అంది. ఆవిణ్ణి అందరూ జాలిగా చూశారు.

"మర్తీ, నువ్వు?" అన్నాడు గ్రాహమ్. నా పేరు మూర్తి. ఆ దేశం గాలికి అలా అయింది.

"స్థలం కొనండి" అన్నాను.

"ఏమిటీ?"

"మా వైపు చేతిలో నాలుగు డబ్బులాడితే ముందు స్థలం కొంటారు, తర్వాతే చొక్కా. కుక్కలు పోతాయి, పడవలు మునుగుతాయి. నేల ఎక్కడికి పోతుంది?"

ఇక్కడో నిమిషం ఆగి నన్ను నేను తిట్టుకోనివ్వండి. ఇవాళ మనవాళ్లు ఎగబడి ఇళ్లు కొంటున్న మెల్బోర్న్ శివారు టార్నీట్ అప్పుడు గడ్డీ, గాలీ, నాలుగు గొర్రెలు. ఆ గడ్డి కొనమని చెప్పి ఉంటే నా విగ్రహం పెట్టేవారు. నేను చెప్పింది వేరు.

గ్రాహమ్ మిగతావాళ్ల ముచ్చట్లూ తలా కాస్త తీర్చాడు కానీ, ఎక్కువ నచ్చింది నా మాటే. నన్ను తన గదిలోకి పిలిచాడు. "సర్వర్లు పెట్టుకోవడానికీ, మనమంతా మారడానికీ ఒక బిల్డింగ్ చూడు. డిసెంబర్‌కల్లా అక్కడ పని సాగుతుంటే నీ స్పాన్సర్‌షిప్ లెటర్ మీద సంతకం పెడతాను."

ఆ సంతకం విలువ మీకు తెలియాలి. డిసెంబర్ ఆఖరుకి నా వీసా అయిపోతుంది. సంతకం పడితే నేనూ, మా ఆవిడ పద్మా ఇక్కడే ఉండిపోతాం. పడకపోతే మళ్లీ తెనాలి, మళ్లీ ఆ రేకుల షెడ్డు.

బిల్డింగులు చూడ్డానికి అందరూ కొలతల టేపుతో వెళతారు, నేను దిక్సూచితో వెళ్లాను. పన్నెండు చూశాను. ఒకదానికి వీధిపోటు, ఒకదానికి నైరుతిలో గొయ్యి. పదమూడోది చూడగానే కళ్లు చెమర్చాయి. తూర్పు గుమ్మం, ఈశాన్యం పెరుగుదల, ఆగ్నేయంలో వంటిల్లు, దానికితోడు సగం ధర! వెంటనే ఫోన్ కార్డు గీకి తెనాలిలో మా మామగారిని పట్టుకున్నాను. ఆయన వాస్తులో దిట్ట.

"మామయ్యగారూ, ఒక్క సందేహం. ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్కనించి వెళతాడండీ."

"సూర్యుడు ఎటెళితే నీకెందుకయ్యా? శాస్త్రం ఎటూ వెళ్లదు. ఈశాన్యం పెరిగిందా లేదా?"

"పెరిగిందండీ."

"ఇంక కళ్లు మూసుకుని కొనిపించు" అన్నారు. నేను సరిగ్గా అదే చేశాను. కళ్లు మూసుకున్నాను.

లేకపోతే మీరే చెప్పండి. ఏజెంటు నన్ను తిప్పుతూ, "పాతవాళ్లు మూడు తరాల నించి ఇక్కడే వ్యాపారం చేశారు. ఒక్క కస్టమర్ కూడా తిరిగొచ్చి గొడవ పడలేదు" అన్నాడు. అంత నాణ్యమా అని ముచ్చటపడ్డాను. వెనకవైపు వాలుదారి, ఇద్దరు మనుషులు పక్కపక్కన ఏదైనా మోసుకుపోగలిగేంత వెడల్పు తలుపులు. సర్వర్లు దింపడానికి ఎంత వీలో! గచ్చు మధ్య నీళ్లు పోయే తూము. కడుక్కోవడానికి ఎంత శుభ్రమో! అన్నిటికీ మించి, ఇనప తలుపున్న ఒక చల్లగది. లోపల మూడు స్టీలు అరలు, ఒక్కోటీ ఆరడుగుల పైమాటే, లాగితే చప్పుడు లేకుండా జారి వచ్చేవి. "కరెంటు పోయినా ఈ గది ఆగదు, వేరే జనరేటర్ ఉంది" అన్నాడు ఏజెంటు. సర్వర్ల కోసమే పుట్టిన గది అనుకున్నాను. ఏజెంటిచ్చిన కాగితం మీద ఈశాన్యం మూల ఎర్ర సిరాతో సున్నా చుట్టి గ్రాహమ్‌కిచ్చాను. ఆయన కాగితం చదివాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "నీకేం ఇబ్బంది లేదుగా?" అన్నాడు. "ఇలాంటిది ఊరంతా వెతికినా దొరకదు సార్" అన్నాను. కొనేశారు.

జూలైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, నన్నొక్కణ్ణే ముందు పంపారు. సర్వర్లు కుదురుకున్నాక మిగతావాళ్లు వస్తామన్నారు. వచ్చే సోమవారం అనేవారు. ఆ సోమవారానికి మళ్లీ వచ్చే సోమవారం అనేవారు.

ఆ ఇంట్లో చప్పుడుండేది కాదు. తివాచీ ఎంత మెత్తనంటే నా అడుగులు నాకే వినపడేవి కావు. తలుపులు వదిలేస్తే, వెనకెవరో నించుని మర్యాదగా పట్టుకుని వేస్తున్నట్టు, మెల్లగా మూసుకునేవి. ఏ గోడకీ గడియారం లేదు. పూలెక్కడా లేవు, లిల్లీపూల వాసన మాత్రం పొద్దుటికంటే మధ్యాహ్నం ఎక్కువయ్యేది. హాల్లో కుర్చీలు వరసగా వేసున్నాయి, అన్నీ ఒకే వైపు చూస్తూ. ఆ వైపు ఒక ఎర్ర తెర.

రోజూ సరిగ్గా పదకొండింటికి పైకప్పులోంచి సన్నగా, చర్చిలోలాగా, ఆర్గన్ సంగీతం మోగేది. మోగి ఆగాక, ఆ ఎర్ర తెర తనంతట తనే రెండుగా విడిపోయేది. వెనకాల ఒక పొడుగాటి నల్లబల్ల, అంతే. అర నిమిషం తర్వాత తెర మళ్లీ కలుసుకునేది.

మీరైతే అక్కడే పరిగెత్తేవారు. నేను, "టీ టైముకి ఎంత చక్కటి ఏర్పాటు!" అనుకున్నాను. రోజూ ఆర్గన్ మోగగానే టీ పెట్టుకుని, ఆ నల్లబల్ల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ తాగేవాణ్ణి. చల్లగదిలో పనికి చలి తట్టుకోలేక నా పెళ్లినాటి నల్ల సూటు వేసుకునేవాణ్ణి. పద్మ కట్టిచ్చిన పెరుగన్నం పులవకుండా అదే గదిలో మధ్య అరలో పెట్టేవాణ్ణి. ఒక్క టిఫిన్ డబ్బాకి ఆరడుగుల అరా అని నవ్వుకునేవాణ్ణి కూడా.

మూడోవారం ఒక రోజు పదకొండు కావస్తుండగా హాల్లోకి వెళితే, ముందు వరసలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్లో తెల్లపూలు. తలుపు చప్పుడు నేను వినలేదు.

"కొత్తగా వచ్చావా నాయనా?" అంది.

"మూడు వారాలైందండీ."

"పాతాయన కంటే నువ్వే ప్రశాంతంగా కనిపిస్తున్నావు. సూటు కూడా బాగుంది." కాసేపు తెరకేసి చూసింది. "మా ఆయన బిల్‌ని పోయిన ఏడాది ఇదే వారంలో ఇక్కడే ఉంచారు. మూడు రోజులు."

"ఉంచారా? ఎక్కడండీ?"

"అదుగో, ఆ చల్లగదిలో. మధ్య అరలో." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఆయనకి చలి పడదు. అదే నా దిగులు."

నా కడుపులో నిన్నటి పెరుగన్నం, మొన్నటి పెరుగన్నం, పద్నాలుగు రోజుల పెరుగన్నం ఒక్కసారి లేచి నించున్నాయి. వాలుదారి, వెడల్పు తలుపులు, గచ్చులో తూము, అన్నీ వరసకట్టి వచ్చి నాకు తమని తాము పరిచయం చేసుకున్నాయి. కంపెనీ నిల్వలతో నేను కొనిపించింది మనుషుల్ని నిల్వ ఉంచే కొంప! అప్పుడే ఆర్గన్ మోగింది. తెర విడిపోయింది. నల్లబల్ల మీద నా నిన్నటి టీ కప్పు.

"నాలుగు మాటలు చెప్పు నాయనా" అంది ఆవిడ.

పారిపోవచ్చు. కానీ పెద్దావిడ అడిగాక కాదనలేని మొహమాటం మనది. నించుని చేతులు కట్టుకుని, "బిల్ గారు మంచివారు. ఆయనకి చలి పడదు. ఇప్పుడు ఆయనున్న చోట వెచ్చగా ఉండాలి" అన్నాను. వణుకుతున్న గొంతు నిజమైన దుఃఖంలా పలికింది. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, "పాతాయన ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదు" అని వెళ్లిపోయింది. ఆ చెయ్యి మంచులా ఉంది. జూలై కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ అదే సర్దిచెప్పుకుంటున్నాను.

గ్రాహమ్‌కి ఫోన్ చేశాను. "సార్, ఈ బిల్డింగ్ ఇదివరకు ఏమిటో మీకు తెలుసా?"

"శవాల్ని సాగనంపే ఇల్లు. అందరికీ తెలుసు మేట్. నువ్విచ్చిన కాగితంలో నాలుగో లైన్లోనే ఉందిగా! అందుకే మావాళ్లెవరూ కదలట్లేదు. నీ ధైర్యం గురించే ఇక్కడ రోజూ చెప్పుకుంటున్నాం. ఏం, నీకిప్పుడు కష్టంగా ఉందా? చెప్పు, అమ్మిపారేసి వేరే ఏర్పాటు చూస్తాను."

అమ్మితే డిసెంబర్‌కల్లా పని సాగదు. పని సాగకపోతే సంతకం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు వీసా, వెనక మధ్య అర. గొంతు సవరించుకుని, "అబ్బే, మా ఫిలాసఫీలో చావూ బతుకూ ఒకటే సార్" అన్నాను. అవతల గ్రాహమ్ గౌరవంగా లేచి నించున్నట్టు కుర్చీ చప్పుడైంది.

ఇంట్లో అంత గౌరవం దక్కలేదు. నాలుగు ముక్కలు విన్నదో లేదో, పద్మ తలుపు సగం మూసింది.

"గుమ్మంలోనే ఆగండి! చావింటికెళ్లి తల మీద నీళ్లు పోసుకోకుండా లోపలికొస్తారా? మూడు వారాల నించి?"

"నాకు తెలియదుగా పద్మా!"

"మైల మీకు తెలిసే అంటుతుందా? సూటు అక్కడే విప్పండి. బాల్కనీలోకి నడవండి. బకెట్టు తెస్తున్నా."

"జూలై నెలే! పక్కింటివాళ్లు చూస్తారు."

"చూడనీండి. ఏమన్నా అడిగితే ఫిలాసఫీ అని చెప్పండి."

ఆ రోజు నించి అదే దినచర్య. సాయంత్రం బాల్కనీలో బకెట్టు నీళ్లు, మెల్బోర్న్ చలిగాలి, పళ్ల తాళం. పక్కింటాయన రోజూ ఆ వేళకి బీరు పట్టుకుని తన బాల్కనీలోకొచ్చి నాకు సెల్యూట్ కొట్టేవాడు.

కనీసం ఆ సంగీతమైనా ఆపిద్దామని ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. నిచ్చెనెక్కి పైకప్పు పలక తీసి చూసి, "టైమర్ ఏదో మిగిలిపోయి ఉంటుందనుకున్నా. కానీ వైర్లన్నీ కోసేసి ఉన్నాయి మేట్. మీరు కొనకముందే కోసినట్టున్నారు. ఇందులోంచి మ్యూజిక్ ఎలా వస్తుంది?" అన్నాడు.

వాచీ చూశాను. "మూడు నిమిషాలాగు" అన్నాను.

ఆగాడు. ఆ తర్వాత నిచ్చెన మరిచిపోయి వెళ్లిపోయాడు. దానికోసం మళ్లీ రాలేదు. బిల్లు కూడా పంపలేదు. ఆస్ట్రేలియాలో ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లి బిల్లు పంపకపోవడం! ఆ ఇంట్లో నేను చూసిన వింతలన్నిట్లోకీ నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

డిసెంబర్ దాకా ఒక్కణ్ణే ఉన్నాను. పదకొండింటికి ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ కళ్లు మూసుకునేవాణ్ణి. టీ మానేశాను. సర్వర్లు మాత్రం ఒక్కరోజు మొరాయించలేదు. ఆ చల్లగదిలో ఎవరు మొరాయించారు గనక! గ్రాహమ్ సంతకం పెట్టి, ఉత్తరాన్ని అంటించి, తనే వీసా ఆఫీసుకి పంపాడు. నేనూ పద్మా ఇక్కడే ఉండిపోయాం.

ఆ తర్వాత ఇంటర్నెట్ బుడగ పేలింది. కుక్క బిస్కెట్ల కంపెనీని ఏ కుక్కా పట్టించుకోలేదు. తిరిగి కొన్న వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. పడవ ఏ రేవులో ఉందో ఎవరికీ తెలియదు. కంపెనీ మొత్తానికి మిగిలిన ఆస్తి నా కొంప ఒక్కటే. దాన్ని మళ్లీ ఒక శవాల కంపెనీయే రెట్టింపు ధరకి కొనుక్కుంది. ఉద్యోగులందరి బకాయిలూ దాంతోనే తీరాయి. "నేల ఎక్కడికి పోతుంది?" అన్న నా మాట, పోయినవాళ్ల సాక్షిగా నిజమైంది.

ఆఖరి రోజు ఫైళ్లు ఖాళీ చేస్తూ గ్రాహమ్ నా స్పాన్సర్‌షిప్ లెటర్ నకలు చేతిలో పెట్టాడు. కోబాల్ గురించీ, రెండువేల సంవత్సరం గండం గురించీ రాసి ఉంటాడనుకుని తెరిచాను. అందులో వాటి ఊసే లేదు. ఇలా ఉంది: "ఈయన చేసే పనికి ఆస్ట్రేలియా అంతటా వెతికాం. ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రాచీన సంప్రదాయానికి చెందిన ఈయన, మృతదేహాల గదిలో ఒంటరిగా, నిర్భయంగా, రోజూ అక్కడే భోంచేస్తూ పనిచేయగలరు. ఈ నైపుణ్యం ఈ దేశంలో దొరకదు."

ఆ నైపుణ్యం మీదే నేను ఈ దేశపు పౌరుణ్ణయ్యాను. కనక ఇందుమూలంగా, అష్టదిక్పాలకుల సాక్షిగా, తడిబట్టలతో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఇంటికెళ్లినా దిక్కులు తర్వాత చూస్తాను. ముందు, "ఇక్కడున్నవాళ్లు ఎటు పోయారు?" అని అడుగుతాను. "ఎటూ పోలేదు" అని జవాబొస్తే మాత్రం, ఈశాన్యం ఎంత పెరిగినా సరే, తూర్పు గుమ్మంలోంచి తిన్నగా బయటికి నడుస్తాను.