వంగే కీళ్లకు వంచే వైద్యం

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు నన్ను కర్నూలులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా బదిలీ చేశారు. హోదా పెద్దది, గది చిన్నది. ఎముకల విభాగం డాక్టర్లు, ఎక్స్-రేలో ఏమీ దొరకని వాళ్లందరినీ ఒక చీటీతో నా గదికి పంపేవారు. చీటీ మీద 'ఫిజియో' అని ఒక్క మాటే ఉండేది. ఇక మీ ఖర్మ అని దానర్థం.

అలా వచ్చింది సుంకులమ్మ. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. కల్లూరులో బట్టలు కుట్టేది, చంటిబిడ్డ తల్లి. మోకాళ్లు, భుజాలు నొప్పి, బరువెత్తితే భుజం జారుతోందని చెప్పింది. నేను గోనియోమీటరు తీశాను. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచే స్కేలు అది. మా లెక్కలో కీలు ఎంత తక్కువ వంగితే అంత రోగం. ఈమె మోచేయి తిన్నగా ఆగకుండా వెనక్కి వంగింది. బొటనవేలు వెళ్లి ముంజేతికి ఆనింది. పక్క గదిలో వాళ్లను కూడా పిలిచి చూపించాను. అందరం తెగ మెచ్చుకున్నాం. కేసు షీటులో 'కదలిక పూర్తిగా ఉంది' అని రాసి, నొప్పుల వాళ్లందరికీ ఇచ్చే అచ్చు కాగితమే ఆమెకూ ఇచ్చాను. దాని నిండా కండరాలను సాగదీసే వ్యాయామాలే, బొమ్మలతో సహా.

మూడు నెలలకు మళ్లీ వచ్చింది. వ్యాయామాలు ఎగ్గొట్టి నొప్పి తగ్గలేదనే వాళ్లను తిట్టడం నాకు అలవాటే కాబట్టి, తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాను.

"మీరు చెప్పినట్టే రోజూ రెండుసార్లు చేస్తాండా సార్. ముందు నెలకొకసారి జారే భుజం ఇప్పుడు వారానికొకసారి జారుతాండాది. బిడ్డను ఎత్తుకోవాలంటే శానా భయం. మా అత్త తెచ్చి ఒళ్లో పెడితేనే పాలిస్తాండా" అంది.

అప్పుడైనా నాకు కాగితం మీద అనుమానం రావాలి. రోగి మీద వచ్చింది. జనరల్ మెడిసిన్‌కు పంపాను. వాళ్లు బలం మాత్రలు రాసి మానసిక విభాగానికి పంపారు. అక్కడి డాక్టరు మాత్రం 'ఈమె మనసు బాగుంది, కీళ్లు చూడండి' అని రాసి వెనక్కి తిప్పారు. కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టుకు మా దగ్గర గది ఉంది, తలుపు మీద బోర్డు కూడా ఉంది, మనిషే లేడు. చివరికి హైదరాబాదుకు రెఫర్ చేశారు.

అక్కడ అపాయింట్‌మెంటు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. తిరిగొచ్చాక సుంకులమ్మ నేరుగా నా గదికి వచ్చి, అక్కడి డాక్టరు రాసిన ఉత్తరం చేతిలో పెట్టింది. కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉండే స్థితి అట, పేరు హైపర్‌మొబిలిటీ. సాగదీసే వ్యాయామాలు చేయించకూడదు, కీలు చుట్టూ కండరాన్ని బలపరచాలి. దీన్ని నయం చేసే మందు లేదు కాబట్టి, ఈ విషయం తెలిసిన ఫిజియోథెరపిస్టును మీ ఊళ్లోనే చూసుకోండి అని ముగించారు.

"ఇది తెలిసినోళ్లు ఈడ యాడుంటారు సార్? మీకు తెలిసే ఉంటాది" అని అడిగింది.

ఇన్ని విభాగాలు, రెండు రాష్ట్రాలు తిరిగి ఆమె వెతికిన స్పెషలిస్టు నేనే కావాల్సి వచ్చింది. ఆ స్పెషలిస్టు అప్పటికే మూడు నెలలు ఆమె భుజాన్ని శ్రద్ధగా వదులు చేయించి ఉన్నాడు. సిగ్గుపడుతూనే, అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరని, చెడగొట్టింది నా కాగితమేనని ఒప్పుకున్నాను. రెండు వారాలు గడువిస్తే చదువుకొని చేయిస్తానన్నాను.

ఆమె నా చేతిలోని ఉత్తరం తీసుకొని మడిచింది. "అయితే ఈసారి కాగితమిచ్చి పంపొద్దు సార్. నేను చేసేటప్పుడు మీరు పక్కనుండి చూడాల" అంది.

అలాగే చేశాం. గోడకు అరచేయి ఆనించి మెల్లగా నొక్కడం, కీలును చివరిదాకా పోనీయకుండా మధ్యలోనే ఆపడం, పది లెక్కపెట్టడం. మా సూపరింటెండెంటు గారు ఒకసారి తొంగిచూసి, పేషెంటు ఊరికే నిలబడి ఉందేమిటని నన్ను మందలించి వెళ్లారు. ఎనిమిది నెలలకు భుజం జారడం బాగా తగ్గింది. అప్పటికి బిడ్డ నడుస్తోంది. అయినా ఆమె గేటు నుంచి నా గది దాకా ఎత్తుకొనే వచ్చింది.

ఇప్పుడు, రిటైరయ్యాక, కడప నుంచి, మైదుకూరు నుంచి కూడా ఇలాంటివాళ్లను 'స్పెషలిస్టు' అంటూ నా ఇంటికి పంపుతున్నారు. అందుకు నా దగ్గర వేరే డిగ్రీ ఏమీ లేదు. నేర్చుకున్నది ఒకటుంది. చెప్పింది చెప్పినట్టు చేసిన రోగికి జబ్బు ముదిరితే, ముందుగా పరీక్షించాల్సింది చెప్పినవాడిని.