గండికోట దగ్గర మిరపకాయ లేని భోజనం

కర్నూలులో ప్రసాదన్నది సెల్‌ఫోన్ల దుకాణం. మనసు మాత్రం విజయనగర రాజుల కాలంలో ఉంటుంది. ఫోన్‌కు అద్దం అంటించమని ఇస్తే, అంటించేలోపు ఒక శాసనం కథ చెప్పేస్తాడు. ఆదివారాలు కోటలూ గుళ్లూ తిరిగే వాట్సాప్ బృందం ఒకటి నడుపుతూ నన్నూ అందులో చేర్చాడు. నేను ఒక్కసారీ కదల్లేదు. కిందటి నెల ఆయన పెట్టిన మెసేజ్ మాత్రం నన్ను లేపింది. గండికోట చూసి, సముద్రం దాటి మిరపకాయ మన దేశానికి రాకముందు ఇక్కడివాళ్లు ఏం తినేవారో అదే వండుకుని తిందామన్నాడు. చరిత్ర కంటే భోజనం మీద భక్తి ఎక్కువున్న దాన్ని, పైగా కారం లేనిదే ముద్ద దిగదు. వాళ్లెలా బతికారో చూడాలనిపించింది.

తెల్లవారుజామునే కర్నూలులో బస్సెక్కి, నంద్యాల, కోయిలకుంట్ల మీదుగా తొమ్మిదిన్నర ప్రాంతంలో జమ్మలమడుగులో దిగాను. అక్కడి నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. ఆటో అతను నాలుగు వందలు అడిగి, మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. మిరపకాయ లేని భోజనానికి పోతున్నానంటే వెనక్కి తిరిగి చూసి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు. కోట వాకిట్లో ప్రసాదన్న పంచె కట్టి, కర్టెన్ గుడ్డతో కుట్టించుకున్న కుళ్లాయి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కుళ్లాయి అంటే ఆ కాలపు పొడవాటి టోపీ. వచ్చినవాళ్లంతా గోపురాన్ని వదిలేసి ఆయనతో సెల్ఫీలు దిగారు. గుడి, మసీదు, ధాన్యాగారం, పెన్నా లోయ తాపీగా చూసేసరికి పన్నెండయింది. లోయ అంచున నిలబడి, కింద బండల మధ్య పారే పెన్నాను చాలాసేపు చూశాను.

కోటలో మంట పెట్టకూడదు కాబట్టి, బయట ఒక రైతు చేను గట్టున పొయ్యిలు పెట్టించారు. వంట లక్ష్మీదేవక్కది. వేంపల్లె చుట్టుపక్కల పెళ్లిళ్లకు వండే మనిషి. పాతకాలం వంట అని ప్రసాదన్న ఫోన్‌లో చెబితే, రాగిసంగటీ ఎర్రకారమూ అనుకుని రెండు కిలోల ఎండుమిరపకాయలతో దిగింది. ఆయన ఆ సంచీ లాక్కుని, టమాటాలు, శెనక్కాయలు, చివరికి పాయసంలోకి తెచ్చిన జీడిపప్పు కూడా పరదేశులేనని పక్కన పెట్టించాడు. ఆమె గరిట కింద పెట్టేసి కూర్చుంది. మా బృందంలోనే ఉన్న వేంపల్లె నూనె వ్యాపారి శెట్టిగారు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడట. ఈ వంట నచ్చితే వచ్చే నెల కూతురి పెళ్లి వంట ఈమెకిస్తానన్నాడట.

"ఈ సప్పిడి కూడు తిని ఆయప్ప నన్ను పెండ్లికి యాడ పిలుస్తాడమ్మా? శానా ఏండ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు, ఈడ్నే పోతాది" అంది నాతో. ఆమె మొహం చూస్తే నాకు ప్రసాదన్న కుళ్లాయి పొయ్యిలో వేయాలనిపించింది. కాసేపటికి తనే లేచి, మిరియాలూ అల్లమూ కసిగా దంచడం మొదలుపెట్టింది.

ఒంటి గంటన్నరకు శెట్టిగారు కారులో వచ్చాడు, వెంట ముసలి తల్లి. ఆమెకు కడుపులో పుండని డాక్టరు కారం మాన్పించాడట. ఆ ఇంట్లో కారం లేని కూర ఉండదు కనుక, రెండేళ్లుగా ఎక్కడికెళ్లినా ఆమె పెరుగన్నం డబ్బాతోనే వెళ్తుంది, ఒక పక్కన కూర్చుని తినేస్తుంది. అక్క ఆమెను కూడా బంతిలో కూర్చోబెట్టి విస్తరి వేసింది. కొర్రన్నం, ఉలవచారు, నువ్వుల నూనెలో మగ్గిన వంకాయ, బెల్లం పాయసం. డబ్బా సంగతి విని, మిరియాలు కాస్తే వేసిన వంకాయ ఆమెకని వేరే గిన్నెలో తీసిపెట్టింది. మొదటి ముద్దకు శెట్టిగారి మొహం వాడిపోయింది. నిజం చెప్పాలంటే నాదీ అంతే, ప్రసాదన్నదీ అంతే. అక్క మా మొహాలే చూస్తోంది. ఇంతలో ముసలావిడ విస్తరి ఖాళీ చేసి, ఇంకొంచెం వంకాయ వెయ్యమంది. మరోసారి అడిగి వేయించుకుంది. శెట్టిగారు తినడం ఆపి తల్లిని చూస్తూ ఉండిపోయాడు.

"మాయమ్మ మాతో బంతిలో కూచోని తిని రొండేండ్లాయ" అన్నాడు చివరికి. "పెండ్లి వంట నువ్వే చెయ్యల్లక్కా. ఒగ బంతి మాత్రం ఇట్లే ఉండల్ల."

"ఒగ బంతికి సరే సామీ. మిగిలినవాటికి నా మిరక్కాయ నాకిడ్సిపెట్టండప్పా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మేమంతా నవ్వాం.

అది రాజులు తిన్న రుచేనో కాదో ప్రసాదన్న తేల్చుకోవాలి. రోగం కారాన్నే మాన్పిస్తుంది, నలుగురితో కలిసి తినడాన్ని మాన్పించేది మాత్రం మన వంటిల్లేనని నాకు ఆ రోజే తట్టింది. గట్టు మీద ఆ పెద్దామె పాయసం చేత్తో తింటూ, పక్కవాళ్లతో కబుర్లు చెప్పడం లోయ కంటే ఎక్కువసేపు చూశాను. ఇలాంటి భోజనానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో కారం మానేసిన పెద్దవాళ్లుంటే వెంట తీసుకెళ్లండి. వంట చేసే చోటు దాకా కారు వస్తుంది, వాళ్లు నడవాల్సిన పని లేదు.