నైరుతికి తిరిగిన డిష్

మా మావయ్య ఆర్లిస్ నీడ చూసి బండి ఆపగా నేనెప్పుడూ చూడలేదు. గ్యాసు గొట్టాల లైను ఎక్కడ పడినా క్యాంపులో అందరూ చెట్టు కింద చోటు కోసం పోట్లాడుకుంటారు. ఆయన మాత్రం తన బండింటిని, అంటే లారీ వెనక తగిలించుకుని ఊరూరా లాక్కెళ్ళే రేకుల ఇంటిని, మైదానం నడిమధ్యన మండే ఎండలో నిలబెట్టేవాడు. ఆయనకి కావలసింది నైరుతి మూల ఖాళీ ఆకాశం. ఆ మూల ఒక కొమ్మ అడ్డం వచ్చినా డిష్‌కి బొమ్మ అందదు.

"ఆర్లిస్, మెదడు ఉడికిపోతుందయ్యా" అని ఎవడైనా నవ్వితే, "నీడలో కూచుని నల్లటి టీవీ చూసుకోండి, హాయిగా ఉంటుంది" అనేవాడు.

పందొమ్మిదో ఏట వెల్డింగు తుపాకీ పట్టాడు. ఆయన అతికిన గొట్టాల్లో పారే గ్యాసుతో ఎన్ని నగరాలు వంట చేసుకుంటున్నాయో. ఆ పొయ్యిల ముందు నిలబడేవాళ్ళలో ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మండేది కాదు. ఇద్దరు భార్యలు వెళ్ళిపోయినప్పుడు కూడా, "నేనతికిన గొట్టం ఒక్కటీ ఊడలేదు, పెళ్ళిళ్ళే నిలవలేదు" అని ఊరుకున్నాడు. ఇక మిగిలింది వాళ్ళమ్మ ఓలెటా, మా అమ్మమ్మ. ఓక్లహోమా పడమట, గోధుమ చేల మధ్య, పెరట్లో సుడిగాలికి దాక్కునే నేలమాళిగ ఉన్న చెక్క ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

ఆయన కోరిక చాలా చిన్నది. పగలంతా ఏ రాష్ట్రంలో పొగ మింగినా, సాయంత్రం అమ్మ చూసేదే తనూ చూడాలి. అందుకని ఒకే ఖాతా మీద రెండు బాక్సులు తీసుకున్నాడు. ఒకటి ఇంట్లో, ఒకటి బండింట్లో.

కిందటి వేసవిలో ఇంటి డిష్ బిగించిన రోజు నేను అక్కడే అరుగు మీద బెండకాయలు తరుగుతున్నాను. మావయ్య దాన్ని బట్టలారేసే ఇనప స్తంభానికి తగిలించి, నైరుతిన ఉన్న చేను వైపు అటూ ఇటూ తిప్పుతున్నాడు. వంటింటి కిటికీలోంచి అమ్మమ్మ.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది... పోయింది! ఏం చేశావు దాన్ని?"

"ఏం చెయ్యలేదు, ఊపిరి పీల్చాను."

"అయితే పీల్చకు!"

చివరికి బొమ్మ కుదిరింది. అమ్మమ్మ మొట్టమొదట వెతికింది లైల్‌ని. లైల్ మా ఊరి వైపు చానల్లో వాతావరణం చెప్పే మనిషి. మా పల్లెల్లో పాస్టరు మాట కొంత వింటారు, డాక్టరు మాట అసలు వినరు, లైల్ మాట మాత్రం దాటరు. సుడిగాలి ఏ రోడ్డు దాటి ఏ పొలంలోకి వస్తోందో పేర్లతో చెబుతాడు. అతను "మాళిగలోకి దిగండి" అంటేనే అమ్మమ్మ దిగేది.

ఈ వసంతంలో లైను కాన్సస్ ఉత్తరానికి పోయింది. అదే క్యాంపులో నేను నీళ్ళ లారీ తోలుతున్నాను, మావయ్య బండింట్లోనే పడుకుంటున్నాను. అంత దూరం వచ్చేసరికి మా ఊరి చానళ్ళు అందలేదు. అవి ఆ చుట్టుపక్కలకి మాత్రమే వేసే చానళ్ళు. మావయ్య డిష్ కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి అడిగింది: "ఇప్పుడు ఎక్కడున్నారు సార్?"

బండిళ్ళలో బతికేవాళ్ళకి పసిపిల్లతో సహా ఒక సూత్రం తెలుసు. కంపెనీ ఎప్పుడడిగినా ఇంట్లోనే ఉన్నామని చెప్పాలి. మావయ్యకీ తెలుసు. కానీ ఆయన నోటికి అబద్ధం పలకదు. క్యాంపు చిరునామా అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. గంటలో కాన్సస్ చానళ్ళు వచ్చాయి. పక్కబండి డెల్మర్‌కి ఇది చెబితే, "చచ్చు సత్యసంధుడా, అడ్రసు మార్పించావా?" అని పొట్ట పట్టుకు నవ్వాడు. ఎందుకు నవ్వాడో మాకప్పుడు అర్థం కాలేదు.

ఆ వారమంతా అమ్మమ్మ ఫోన్లో ఒకటే గొణుగుడు. "లైల్‌ని తీసేశారురా. ఎవడో బట్టతలవాడు వస్తున్నాడు. మన వాన సంగతే చెప్పడు."

ఫోన్ పెట్టేసి మావయ్య నా వైపు దిగులుగా చూసేవాడు. "వయసు మీద పడుతోందిరా. చానల్ నంబరు మర్చిపోయినట్టుంది."

శనివారం సాయంత్రం డెల్మర్ మా తలుపు దబదబా బాదాడు. వాళ్ళది ఓక్లహోమాలో మా ఊరికి పడమటనున్న పక్క ఊరు. "మా ఆవిడ పిల్లల్ని తీసుకుని మాళిగలో దూరిందట. సుడిగాలి మీ వైపే వెళుతోందట, పెద్దది. మీ అమ్మకి ఫోన్ చెయ్."

మావయ్య చేశాడు. అమ్మమ్మ గొంతు గదంతా వినబడింది.

"చిక్కుడు గింజలు పొయ్యి మీదున్నాయి. తర్వాత చెయ్యి."

"అమ్మా, మాళిగలోకి దిగు. ఇప్పుడే."

"ఎవరన్నారు?"

"సైరన్ వినబట్టంలా నీకు?"

"శనివారం కదరా, వారం వారం మోగించి పరీక్ష చేస్తారుగా."

"పరీక్ష మధ్యాహ్నం కదే! ఇప్పుడు సాయంత్రం!"

"ఆ ఫైరింజన్ వాళ్ళు ఏ పని వేళకి ఏడిచారు? టీవీలో ఇప్పుడే చెప్పాడు, ఆకాశం నిర్మలంగా ఉంటుందట, సాయంకాలం షికారుకి బాగుంటుందట."

అదే క్షణంలో మా వెనక టీవీలోనూ ఆ మాటే వినిపించింది. షికారుకి బాగుంటుందని. ఫోన్లోంచి, టీవీలోంచి, ఒకే గొంతు. మావయ్య మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. తెర మీద బట్టతల మనిషి నవ్వుతున్నాడు.

"అమ్మా, అతనికి ఆకుపచ్చ టై ఉందా?"

"ఆ. చిలకలా ఉన్నాడు."

డెల్మర్ ఎందుకు నవ్వాడో ఇద్దరికీ అప్పుడు తెలిసింది. ఖాతా ఒకటే, చిరునామా ఒకటే. మావయ్య బండింటి కోసం మార్పిస్తే ఇల్లు కూడా మారిపోయింది. వారం రోజులుగా అమ్మమ్మ ఓక్లహోమాలో కూర్చుని కాన్సస్ ఎండ చూస్తోంది.

"అమ్మా, అది మన వాతావరణం కాదు. తప్పు నాది. లైల్ మాళిగలోకే దిగమని ఉంటాడు, నీకు వినబడట్లేదంతే."

"లైల్ చెప్పాడని నువ్వెలా చెబుతావు? నీకూ బట్టతలవాడేగా వస్తున్నాడు!"

లైల్‌ని నేనే విన్నానని మావయ్య ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆయన అనలేడు. ఆ నిజాయితీని నేను ఆ క్షణం అసహ్యించుకున్నాను.

"అదుగో" అంది అమ్మమ్మ చిరాగ్గా. "మాట్లాడుతూనే చెడగొట్టావు. బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది. ఆ... పోయింది."

మావయ్య లేచి నిలబడ్డాడు. "అమ్మా, మన డిష్ ఎటు చూస్తుంది?"

"చేను వైపు."

"చేలో చెట్టుందా?"

"లేదు."

"గోడుందా?"

"లేదు."

"మరి డిష్‌కీ ఆకాశానికీ మధ్య అడ్డం వచ్చిందేమిటి?"

నైరుతి నుంచి ఏమొస్తుందో అమ్మమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ సుడిగాలులన్నీ అక్కడినుంచే వచ్చాయి. పొయ్యి ఆర్పిన చప్పుడు వినిపించింది.

"పిల్లి ఎక్కడ చచ్చిందో" అంది, ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేస్తే లైను లేదు. టీవీలో బట్టతలాయన బేస్‌బాల్ సంగతికి దిగాడు. మావయ్య చేతి తొడుగులు తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. అయినా వెళ్ళి మెట్ల మీద కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను.

చీకటి పడకముందే ఫోన్ మోగింది. ఎవరో పొరుగువాళ్ళ నంబరు.

"ఆర్లిస్" అంది అమ్మమ్మ. "నీ డిష్ ఇప్పుడు ఈశాన్యం చూస్తోంది."

మావయ్య గోడకి చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తొడుగులు అడ్డం ఉండి కనబడలేదు.

"ఇల్లు?"

"ఉంది. అరుగు మీద కప్పు లేచిపోయింది. పొగగొట్టం కూలి వంటింట్లో పడింది, సరిగ్గా గోడ ఫోన్ కిందున్న కుర్చీ మీద. ఆ కుర్చీ నాకెప్పుడూ నచ్చలేదులే. పిల్లి నాకంటే ముందే మాళిగలో ఉంది, దొంగముండ. ఆ చిలక టై వాడితో చెప్పు, షికారు బాగానే జరిగిందని."

మర్నాటికి ఇద్దరం ఊరు చేరాం. మావయ్య మొదట డిష్ జోలికి పోలేదు. కూలిన వంటింట్లో నిలబడి కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఇప్పుడు ఎక్కడున్నారు సార్?"

"ఇంట్లో ఉన్నానమ్మా" అన్నాడు. అది చెప్పటానికి ఆయన రాత్రంతా బండి తోలాడు.

ఖాతా మళ్ళీ ఇంటి చిరునామాకే మారింది, ఇక బండింట్లో ఏ ఊరి వార్తలూ రావు. సాయంత్రాలు అమ్మమ్మకి ఫోన్ చేసి, లైల్ ఏమన్నాడో ఆవిడ నోటే వింటాడు. ఆవిడ కొంచెం కలిపి చెబుతుందని నా అనుమానం.

ఆ రోజు మాత్రం వంగిన స్తంభాన్ని సుత్తితో సరిచేసి, డిష్‌ని మళ్ళీ చేను వైపు తిప్పాడు. కిటికీకి అద్దం లేదు, కాబట్టి అరవాల్సిన పనీ లేదు. అయినా అరిచాడు.

"వచ్చిందా అమ్మా?"

"ఊపిరి బిగబట్టు... ఆ! లైల్ వచ్చాడు! చిక్కిపోయాడు పాపం."