అలివి వలకు రెండు తాళ్లు

రాత్రి కురిసిన వానకు గుమ్మం ముందరి కొబ్బరిపీచు పట్టా నానిపోయింది. పొద్దున దాన్ని పిట్టగోడ మీద ఆరవేస్తుంటే, ఆ తడిపీచు వాసనకు నా చేతులు వాటంతట అవే ఒకదాని వెనక ఒకటి ముందుకు సాగి వెనక్కు వచ్చాయి. అది మా అలివి వల తాడు వాసన.

నా చిన్నతనంలో మైపాడులో అలివి వల వేశారంటే ఊరంతా ఒడ్డునే ఉండేది. పడవ మీద పోయి వలను నీళ్లలో నెలవంకలా జారవిడిచి వచ్చాక, దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగేవి. ఉత్తరపు తాడు మా నాయన జట్టుది, దక్షిణపు తాడు మా చిన్నాయన జట్టుది. తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో ముంచి తీసిన నూలు వల వగరు వాసనా, ఇసుక మీద ఎండే నెత్తళ్ల ఘాటూ, ఎండాకాలంలో పుల్లమామిడి ముక్కలు వేసి అమ్మ కాచే చేపల పులుసూ, గంగమ్మ కొలుపునాడు అడుగంటిన పొంగలి కోసం పిల్లలం పెట్టుకునే కొట్లాటలూ, అన్నీ ఆ తాళ్ల చుట్టూనే నడిచేవి. నాయన కేక పెట్టగానే జట్టంతా బదులు పలికి ఒక్కసారిగా వెనక్కు వాలేది. తాడు చివర వేలాడిన పిల్లలకు కూడా దోసెడు చేపలు దక్కేవి.

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే నెల్లూరు పోవాలి. అక్కడ ఒక ఆడపిల్లల హైస్కూల్లో, ఇంగ్లీషులో నోటిపరీక్ష నెగ్గిన పిల్లకు హాస్టల్లో ఉచితంగా చోటిస్తారని మా గ్రంథాలయం చూసుకునే బాలయ్య గారు చెప్పారు. ఆ చోటు దక్కకపోతే నాకు అమ్మ వెనక చేపలమ్మే తట్ట ఉండనే ఉంది.

గ్రంథాలయమంటే పెంకుల గది, చెదలు పట్టిన రెండు బీరువాలు. అందులో నాకు దొరికిన అట్టలేని ఇంగ్లీషు వ్యాకరణాన్ని ఎవరూ చెప్పకుండానే దాదాపు అంతా చదివాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. ఒక్క పాఠమే లొంగలేదు. ఒక క్రియ వెంట ఇంకో క్రియ వస్తే, మొదటిది వాంట్, హోప్, రెఫ్యూజ్ లాంటిదైతే రెండోదానికి ముందు ‘టు’ పెట్టాలి. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ లాంటిదైతే రెండోదాని చివర ‘ఇంగ్’ తగిలించాలి. బిగిన్, లైక్ లాంటివి రెండింటినీ ఒప్పుకుంటాయి. ఎందుకలాగో పుస్తకం చెప్పలేదు. ఎన్నిసార్లు వల్లించినా తెల్లారేసరికి అన్నీ కలిసిపోయేవి.

ఒక సాయంత్రం వల లాగుతుండగా దారి దొరికింది. ‘టు’ మాటలన్నీ ఉత్తరపు తాడు, ఎడమచేత్తో లాగాలి. ‘ఇంగ్’ మాటలన్నీ దక్షిణపు తాడు, కుడిచేత్తో లాగాలి. రెండూ ఒప్పుకునేవి నడుమ వల సంచిలో పడతాయి, వాటికి రెండు చేతులూ. నేను “వాంట్!” అని అరిస్తే తాడు చివరి పిల్లలంతా “టూ!” అంటూ వెనక్కు వాలేవాళ్లు.

“ఏందిమే, ఇంగిలీషుకు చేపలు పడతాయా?” అని చిన్నాయన అవతలి తాడు నుంచి ఎగతాళి చేసేవాడు.

“పడతాయిరా! నీది ఇంగు తాడంట, నిద్రపోకుండా లాగు!” అనేవాడు నాయన. అక్షరం ముక్క రాని ఆ మనిషి రానురాను తన పాత కేక మానేసి, జట్టు మొత్తానికి “టూ!” అనే కేక పెట్టసాగాడు.

నోటిపరీక్షకు నాయన ఉతికిన పంచె కట్టుకుని నన్ను బస్సులో తీసుకుపోయాడు. ఆయన వరండాలో నిలబడ్డాడు, నేను లోపలికి పోయాను. పెద్ద టీచరమ్మ మొదట అడిగిన రెండు మాటలకూ ఠక్కున చెప్పాను. ఆమె నా నోటి వంక కాదు, చేతుల వంక చూస్తోంది.

“ఏమిటా ఊపడం? బడికి వచ్చావా, వల లాగడానికి వచ్చావా? చేతులు కట్టుకో.”

పక్కనున్న టీచర్లు నవ్వారు. చేతులు కట్టుకున్నాను. ఆమె “ఎంజాయ్” అంది. రెండు తాళ్లూ చిక్కుపడిపోయాయి. “టు” అన్నాను. ఆమె “రెఫ్యూజ్” అంది. “ఇంగ్” అన్నాను.

కిటికీ అవతల నుంచి నాయన గొంతు వినిపించింది. “అమ్మా, దాని చేతులు ఇడిసిపెట్టమనండమ్మా. చెప్తాది.”

ఈసారి అందరూ మరింత గట్టిగా నవ్వారు. బంట్రోతు వచ్చి నాయన్ను మెట్ల కిందికి దించేశాడు.

తిరుగు బస్సులో నేను ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మాటా సరిగ్గా చెప్పాను, ఆయన వినాలని. నాయన బయట వరిచేల వంక చూస్తూనే ఉండిపోయాడు. మర్నాడు వల దగ్గర పిల్లలు “వాంట్!” అని అరిచినా తన పాత కేకే పెట్టాడు. నేను తట్ట ఎత్తుకున్నాను.

ఆ తర్వాత బాలయ్య గారి బీరువాలు రెండూ ఖాళీ చేశాను. నెల్లూరులో కాపురం పెట్టాక అక్కడి గ్రంథాలయంలోనూ ఏళ్ల తరబడి చదివాను. ఇంగ్లీషు పత్రికలో తప్పు దొర్లితే ఇట్టే పట్టుకుంటాను. ఇప్పుడు మైపాడులో అలివి వల లేదు. తాళ్లన్నీ నైలానువి, తడిసినా వాటికి వాసన లేదు. నాయనా లేడు, చిన్నాయనా లేడు. ఆ మాటలన్నీ ఇవాళ చేతులు కట్టుకునే చెప్పగలను, ఒక్కటీ తప్పు పోకుండా. అడిగేవాళ్లే లేరు. పట్టా ఆరేదాకా పిట్టగోడ పక్కనే నిలబడి, ఎవరూ చూడకుండా, చేతులు ఊపుతూనే చెప్పుకున్నాను.