వంకర సాళ్లు

నంద్యాలలో మూడు వారాలు శిక్షణ ఇచ్చి, ఆళ్లగడ్డ దారిలో శిరివెళ్ల దాటాక వచ్చే ఒక పల్లెకు నన్ను ఆరోగ్య సేవకుడిగా పంపారు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపేవారు. ఎత్తు వచ్చిన చోటల్లా అందరూ దిగి తొయ్యాలి. జనానికి సేవ చెయ్యడానికి వచ్చినవాడిచేత బస్సు తోయించడమేమిటని నాకు ఒళ్లు మండింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కృష్ణా కాలవల కింద పుట్టి, పూటపూటా వరన్నం తిని, చుట్టూ అందరూ ‘అండీ’ అంటుంటే పెరిగినవాణ్ణి. నేను పరాయి దేశానికే పోతున్నట్టు మా అమ్మ రైలు దగ్గర కళ్లు తుడుచుకుంది. ఆ పల్లెలో దిగాక ఆమె ఏడుపులో కొంత సబబు ఉందనిపించింది.

నా పని నారికురుపు గురించి చెప్పడం. ఆ ఊరివాళ్లు తాగేది దిగుడుబావి నీళ్లు. వాటితోపాటు కంటికి కనపడని పురుగు కడుపులోకి పోతుంది. ఏడాదిలో కాలి దాకా దిగి, దారంలా మూరెడు పెరిగి, చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. కురుపున్న కాలు బావిలో పెడితే ఆ పురుగు పిల్లలు మళ్లీ నీళ్లలో చేరతాయి. కాబట్టి నీళ్లు గుడ్డతో వడకట్టుకోవాలి, బావిలోకి దిగకూడదు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి రెండు నెలలు ఎందుకిచ్చారో అని ఆశ్చర్యపోయాను.

బావి దగ్గర ఆడవాళ్లు మెట్లు దిగి, మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయి, కాళ్లు బాగా రుద్దుకుని, ఆ తర్వాతే కడవ ముంచేవారు. మురికి కాళ్లతో తాగే నీళ్లను తాకడం తప్పని వాళ్ల ఆచారం. ఆ శుభ్రమే రోగాన్ని ఊరంతా పంచుతోందని నేను ఉపన్యాసం చెబితే, ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, మీ దిక్కు కాళ్లు కడుక్కోరా అని అడిగింది. అందరూ నవ్వారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ రోజు పొద్దుగూకేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదన్న సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు.

నాకు బస ఇచ్చిన ఇంట్లో ముగ్గురే మనుషులు. పెద్దావిడను ఊరంతా అవ్వ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె కొడుకు నాకన్నా పదేళ్లు పెద్ద, అన్నా అనేవాణ్ణి. అతని భార్య వదిన. మొదటి రోజు అవ్వ జొన్న సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. నేను ముద్దను నములుతుంటే కాసేపు చూసి, అది నమిలేది కాదు, మింగేదని చెప్పింది. మింగబోతే గొంతులో అడ్డం పడింది. “తింటాండావా, ఆడుకుంటాండావా?” అంది. మా వైపు వడ్డించేవాళ్లు ఇంకొంచెం వేసుకోండి అని బతిమాలతారు, మనం వద్దు వద్దంటూ వేయించుకుంటాం. అవ్వ ఒక్క మాటైనా అడక్కుండా రెండో ముద్ద విస్తట్లో పడేసి పోయింది. నన్ను లెక్కచెయ్యడం లేదని చిన్నబుచ్చుకున్నాను. అడిగితే వద్దంటానేమోనని అడగలేదని అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

ఎండలు ముదిరాక అన్న కాలికే నారికురుపు లేచింది. రోజూ పొద్దున్నే అవ్వ అతని కాలి మీద చల్లటి నీళ్లు పోసి, బయటికొచ్చిన పురుగు కొసను చీపురు పుల్లకు ఒక్క చుట్టు చుట్టి, గుడ్డతో కట్టేసేది. రోజుకు ఒక్క చుట్టే. మళ్లీ మర్నాడే. శిక్షణలో మాకు చెప్పిందీ అదే. తొందరపడి లాగితే పురుగు లోపలే తెగి, కాలంతా చీము పడుతుందని హెచ్చరించారు కూడా.

అంతలో మంచి వాన పడింది. నేలలో విత్తనం మొలిచేంత తడిని పదును అంటారు. అది మహా అయితే నాలుగు రోజులుంటుంది. ఆ నాలుగు రోజుల్లో అన్న తన ఆరెకరాల్లో కొర్ర వెయ్యాలి. వెయ్యకపోతే ఆ ఏడు ఆ ఇంట్లో తిండికి కటకటే. పురుగు ఇంకా రెండు మూడు చుట్లుందని అవ్వ అంచనా. కాలు ఈడుస్తూనైనా చేనికి పోతానని అన్న పట్టుబట్టాడు, కుదరదంది అవ్వ. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. అవ్వ గడ్డికని వామి దగ్గరికి వెళ్లినప్పుడు, మిగిలిన చుట్లు ఒక్కసారే తిప్పేస్తే అన్న ఇప్పుడే లేచి నడుస్తాడని చెప్పి పుల్ల పట్టుకున్నాను. చదువుకున్నవాణ్ణని నమ్మి అతను కాలు చాపాడు. ఒక చుట్టు తిరిగింది. సంతోషమేసింది. రెండో చుట్టులో తెగింది.

మధ్యాహ్నానికి కాలు వాచి, జ్వరం వచ్చింది. అవ్వ పుల్లను చూసింది, కాలిని చూసింది, నన్ను చూసింది.

“తెంచితివా,” అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. నేను లోపలికి పోయి నా సంచి సర్దుకున్నాను. గడప దగ్గర ఆమె అడ్డంగా నిలబడింది.

“యాడికి పోతాండావ్?”

నంద్యాలకని, నా బదులు ఇంకెవరినైనా పంపమని చెబుతానని అన్నాను.

“పదును పోతాంటే నంద్యాల్లో నీకేం పనప్పా? సంచి ఆడ పెట్టి ఎద్దుల్ని కట్టు.”

ఊళ్లో ప్రతి ఇంటికీ అదే పదును, అందుకని సాయానికి వచ్చేవాడు లేడు. మా ఊళ్లో మాకు పొలముందన్న మాటే గానీ నేను గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డవాణ్ణే. అక్కడ విత్తేది గొర్రుతో. దాని మూడు పళ్లూ నేలను చీలుస్తూ పోతుంటే, పైనున్న కొయ్య గిన్నెలో ఆడమనిషి గింజలు వదులుతూ నడవాలి. గింజ వదినది, గొర్రూ ఎద్దులూ నావి. ఎద్దులు నా మాట వినలేదు. నేను అదిలిస్తే ఆగేవి, బతిమాలితే పక్క చేలోకి పోయేవి. వదిన వెనకనుంచి ఎడమకు, కుడికి అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. దారిన పోయేవాళ్లు బండి ఆపుకుని మరీ చూశారు. చేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు సాయంత్రానికి, తడి ఆరిపోయే లోపల, ఆఖరి మడి కూడా వేసేశాం. అవ్వ చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఎద్దుల్ని తోలుకుపోయింది.

ఆ తర్వాత బావి దగ్గరికి పోతే ఆడవాళ్లు నన్ను చూసి పడీపడీ నవ్వారు. అంతగా నవ్వాక మొహమాటమేసిందో ఏమో, ముగ్గురు నలుగురు నా చేతిలోని వడపోత గుడ్డలు తీసుకున్నారు. ఈసారి నాకూ కోపం రాలేదు.

వారంలో కొర్ర మొలిచింది. ఆళ్లగడ్డ బస్సులో పోయేవాళ్లకి కూడా కనిపించేంత వంకరగా మొలిచింది. ఒక సాలు పక్క సాలును తాకి మళ్లీ దూరం జరిగింది. అవ్వ ఆకు పసర్లతో అన్న కాలి వాపు నెమ్మదిగా దిగుతోంది. నాకేమో రెండు నెలలు నిండాయి, నంద్యాలకు వచ్చెయ్యమని కబురొచ్చింది.

బయల్దేరే ముందు రోజు అన్న కర్ర పట్టుకుని మొదటిసారి చేనికి వచ్చాడు. గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. నీ కాలు పాడు చేశాను, నన్ను క్షమించు అన్నాను. అతను ఆ మాటే విననట్టు సాళ్లకేసి చూశాడు. కలుపు తియ్యడానికి సాళ్ల మధ్య ఎద్దులతో దంతె తోలాలి. సాలు వంకరైతే మొక్కలే తెగిపోతాయి.

“ఈ సాళ్లలో దంతె తోలేది నా చేత కాదప్పా. ఏసినోడే తోలాల. ఇంగో నెల ఉండు.”

పన్నెండో ఏట నుంచీ దంతె పట్టినవాడు. కళ్లకు గంతలు కట్టినా తోలగలడు. అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. అన్న నా ఏడుపు చూడకుండా అటు తిరిగి, నేను వేసిన కొర్రను చూస్తూ కూర్చున్నాడు.