మంచు నిలవని పెరడు

చాలా ఏళ్లుగా నేనొక గొయ్యిని మోస్తున్నాను. బండరాయి అయితే ఎక్కడో ఒకచోట దించి ఉండేవాణ్ణి. గొయ్యిని ఎక్కడ దించను?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను, ఆ ఊరి పేరూ చెప్పను. ఇది పిరికితనమేనని ఒప్పుకుంటాను. ముందుగా తెలియవలసినవాళ్లకు విషయం చెప్పేశాను. ఎంత ఆలస్యంగా చెప్పానో, అదే ఇప్పుడు మీకు చెప్పబోయేది.

నేను బొగ్గు గనుల ఊళ్లో పుట్టాను. అక్కడ గనిని బాయి అంటారు. మా నాయన బాయి దిగి పనిచేసినవాడు. "మూసిన బాయి పండుకుంటది గాని సావదు బిడ్డా" అనేవాడు. నేను మైనింగ్ చదివి, పెళ్లయిన కొత్తలోనే కెనడా వచ్చాను. ఉద్యోగమంతా ఉత్తర ఒంటారియో గనుల ఊళ్లలో గడిచింది. రిటైరయ్యాక పడమటి తీరంలో వానలు కురిసే ఈ బర్నబీకి వచ్చి స్థిరపడ్డాను. నాయన మాట నాతోనే సముద్రం దాటింది. సమయానికి మాత్రం గుర్తు రాలేదు. లేక, గుర్తొచ్చినా విననట్టు నటించానా?

నేను చెప్పే ఊరు మొదట వ్యవసాయం కోసం వెలిసింది. ప్రభుత్వం భూములిస్తానంటే మనుషులు వచ్చారు, అడవి నరికారు, రాళ్లు ఏరి గట్లు కట్టారు. పంట చేతికి రాకముందే మంచు కురిసేది. వాళ్లు పోయారు. తరువాత ఎవరికో రాతిలో బంగారం కనిపించింది. రైలు వచ్చింది, గనులు తవ్వారు. బంగారం అయిపోగానే నిలువు గోతుల మీద దుంగలు పరిచి, మట్టి కప్పి వెళ్లిపోయారు. వాటి మీద చెట్లు మొలిచాయి. ఇంత చరిత్రకూ ముందు ఆ నేల ఎవరిదో నేను చూసిన ఏ మ్యాపులోనూ లేదు. వాళ్ల దారులు లేవు, వాళ్ల సమాధులు లేవు. మ్యాపులో లేనిది భూమ్మీదా లేదనుకోవడం మా వృత్తికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

నేను వెళ్లేనాటికి పక్కన కొత్త గని తెరిచారు. ఊరు మళ్లీ లేచింది. ఇళ్లు కావాలి, వెంటనే కావాలి. పాత గోతులు ఎక్కడున్నాయో గుర్తించి, వాటికి దూరంగా ఇళ్ల స్థలాలు వేయించడం నాకు అప్పగించిన పని.

ఇక్కడ గనుల వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఖనిజం భూమిలో ఒక చారలా సాగుతుంది. కొన్ని గనుల్లో ఆ చార ఎటు పోతే అటే ఉత్తర దిక్కని పెట్టుకుని లోపలి మ్యాపులు గీసుకుంటారు. కింద పనిచేసేవాళ్లకు అది సుఖం. అసలు ఉత్తరం ఎటుంటే వాళ్లకేం? ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినవాడు ముందుగా చూడవలసిందీ అదే. కానీ నా చేతికొచ్చిన పాత గని మ్యాపు ఎంత ముచ్చటగా ఉందంటే, గీతలు అంత సన్నగా, అక్షరాలు అంత పొందికగా ఉన్నాయంటే, ఇంత శ్రద్ధ గల మనిషి బాణం గుర్తు పక్కన ఇది గని ఉత్తరమని ఒక్క మాట రాయకుండా ఉంటాడా అనుకున్నాను. నాలాంటివాణ్ణి చూసి నాలాంటివాడు మోసపోయాడు. గని పెట్టుకున్న ఉత్తరాన్ని లోకం ఉత్తరమనుకున్నాను. నా లెక్కలో గొయ్యి పక్కకు తిరిగిపోయింది.

బర్చ్ చెట్ల గుంపు ఒకదాని చుట్టూ కంచె వేయించి, లోపలికి రావద్దని బోర్డు పెట్టించాను. దాని కింద గట్టి రాయి తప్ప ఏమీ లేదు. గొయ్యి ఉన్నచోట వీధి వేశారు, ఇళ్లు కట్టారు. తల్లులు ఆ కంచె దగ్గరికి వెళ్లొద్దని పిల్లల్ని కోప్పడి, పెరట్లో ఆడుకోమని పంపేవాళ్లు.

ఇంతవరకూ పొరపాటు. పొరపాటుకు మనిషిని క్షమించవచ్చు.

కొన్నేళ్ల తరువాత అదే చార మీద ఉన్న ఇంకో గని పని వచ్చింది. దాని మ్యాపునూ ఆ పాత మ్యాపు గీసిన మనిషే గీశాడు. దాని మీద రెండు బాణాలున్నాయి. అసలు ఉత్తరం ఒకటి, గని ఉత్తరం ఒకటి. మొదటి మ్యాపులో ఉన్న ఒక్క బాణం గని ఉత్తరమేనని అప్పుడు తెలిసింది. ఆ శీతాకాలమే ఎవరికీ చెప్పకుండా ఆ ఊరు వెళ్లి ఆ వీధిలో నడిచాను. అన్ని పెరళ్లలోనూ మోకాలి లోతు మంచు ఉంది. ఒక్క ఇంటి వెనక మాత్రం గుండ్రంగా, తడిగా, నల్లని మన్ను కనిపించింది. పాత గనుల్లోని గాలి చలికాలంలో పైగాలి కన్నా వెచ్చగా ఉంటుంది. సందు దొరికితే పైకి వస్తుంది. ఆ గొయ్యి ఊపిరి వదులుతున్నట్టే ఉంది.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఎందుకు? ఇంజనీరు లైసెన్స్ పోతుందనా? అది చిన్న కారణం. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా తెలుగువాళ్లంతా ముందు నన్ను అడిగేవాళ్లు. ఆయన ఒకటికి రెండుసార్లు చూస్తే గాని మాట్లాడడు అనేవాళ్లు. ఆ మాట లేకుండా బతకడం నాకు చేతకాలేదు. ఇంకా ఏమీ కూలలేదు కదా అనుకున్నాను. ప్రతి ఏడూ మంచు కరిగే ముందు అదే అనుకున్నాను.

తరువాత మధు ఫోన్ చేశాడు. అది అతని అసలు పేరు కాదు. హైదరాబాద్ కుర్రాడు. టొరంటోలో, ఎటోబికో వైపు మా పాత స్నేహితుల ఇంట్లో అద్దెకు ఉండేవాడు. చిన్న ఊళ్లకు వెళ్తే పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, త్వరగా వస్తుందని భార్య స్వాతినీ పాపనూ తీసుకుని ఆ ఊరే వెళ్లాడు.

"అంకుల్, ఇల్లు చూశాం. మీరు అక్కడే వర్క్ చేశారంట కదా. మీరు ఓకే అంటేనే ఆఫర్ పెడతా."

ఏ వీధి అని అడిగాను. చెప్పాడు. నంబరు కూడా చెప్పాడు.

"స్వాతి ఆల్రెడీ ఫిక్స్ అయిపోయింది అంకుల్. ఊరంతా మంచుంటే మా బ్యాక్‌యార్డ్‌లోనే కరిగిపోయిందంట. మార్చిలోనే కొత్తిమీర వేస్తా అంటోంది. ఇక్కడ కొత్తిమీర దొరక్క నా ప్రాణం తీస్తోంది."

"ఏంటీ, నేనా?" వెనక నుంచి స్వాతి గొంతు. "అంకుల్, చారులో కొత్తిమీర లేకపోతే అలిగేది ఎవరో అడగండి!"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

"చెప్పండి అంకుల్, ఏరియా మంచిదేనా?"

"మంచి ఏరియానే బాబూ" అన్నాను.

అంతే. నేలను తప్పుగా కొలిచిన రోజు కాదు, ఆ మాట అన్న రోజే నేను తప్పు చేసింది. రోజూ డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ రోజు పేజీలో వాన పడిందనీ, మధు ఫోన్ చేశాడనీ రాసి ఉంది. రెండూ నిజాలే.

ఈ చలికాలం చివర స్వాతి ఒక ఫోటో పంపింది. చుట్టూ తెల్లని మంచు, మధ్యలో నల్లని మన్ను, అందులో వేలెడు కొత్తిమీర, పక్కన గంబూట్లతో పాప. అంకుల్, మా మ్యాజిక్ గార్డెన్ అని కింద రాసింది. వెనకాల పనిముట్ల షెడ్డు ఒకవైపు ఒరిగి ఉంది. దాని తలుపు మూసుకోవడం లేదు. మన్ను అంచున సన్నని పగులు, పాప నిలబడ్డ చోటు దాటి కిచెన్ మెట్ల దాకా వచ్చింది.

వెంటనే మధుకు ఫోన్ చేశాను. పాపను లోపలికి తీసుకెళ్లమన్నాను. తరువాత ముందు తలుపు నుంచి బయటికి, వీధి అవతలికి వెళ్లమన్నాను. వెళ్లారని తెలిశాక అంతా చెప్పాను.

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"మీరు కొనకముందు నుంచీ."

పక్కన స్వాతి అడుగుతోంది. "అంకులేనా? కొత్తిమీర ఫోటో చూశారా?"

మధు నాతో, "ఎవరికి కాల్ చేయాలో చెప్పండి సార్" అన్నాడు.

నన్ను సార్ అనడం అదే మొదలు. తరువాత అతను నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ కోరను.

ఊరి ఆఫీసుకూ, లైసెన్స్ ఇచ్చినవాళ్లకూ నేనే చెప్పుకున్నాను. డ్రిల్లింగ్ యంత్రం తెచ్చి దూరంగా నిలబడి దింపితే, కాస్త మట్టి దాటగానే కడ్డీ పట్టు తప్పి కిందికి జారిపోయిందట. అక్కడ ఏమీ తగల్లేదు. పక్క రెండిళ్లు కూడా ఖాళీ చేయించారు. పాత కంచెను బర్చ్ చెట్ల చుట్టూ నుంచి పీకి తెచ్చి, అదే బోర్డుతో సహా ఆ పెరడు చుట్టూ పాతారట. ఆ చార పొడవునా ఇంకెన్ని గోతులున్నాయో, వాటి మీద నేను ఏమేమి కట్టనిచ్చానో మళ్లీ మొదటి నుంచి చూస్తున్నారు. నన్నూ అడుగుతున్నారు. చెప్తున్నాను.

నిన్న పొద్దున చాలా ఏళ్లకు గుండె నిండా ఊపిరి పీల్చాను. అది నాకు దక్కవలసింది కాదని తెలుసు. అయినా పీల్చాను.